కల్లు ముంత మీద పన్ను, బీరు పీపాకి ఓడ: పేల్ ఏల్ అసలు కథ

ఈ ఎపిసోడ్ మా పగిడ్యాల నుంచే మొదలవుతాది. మొన్న ఊరికి పోయినప్పుడు టీ అంగట్లో కూర్చుని ఉంటే, బీటెక్ చదివే తమ్ముడొకడు ఫోన్ చూపించినాడు. "అన్నా, పేల్ ఏల్ అంట. లైట్‌గా ఉంటాదంట, హాప్స్ వాసన గుమ్మంటాదంట. ఇంట్లోనే చేసుకోవచ్చంట కదా, రెసిపీ చెప్పన్నా" అన్నాడు. పక్కనే ఉన్న మా అవ్వ ఆ మాట విన్నది. "ఇంట్లో కాసేదాన్ని సారా అంటారు రా, పోలీసులు పట్టుకుపోతారు" అన్నది. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. ఆ రెండు నిజాల మధ్య ఉన్న రెండు వందల ఏళ్ల చరిత్రే ఈరోజు టాపిక్.

ముందు కల్లు సంగతి. ఈతచెట్టుకి కట్టిన కుండలో పొద్దున తియ్యగా ఉండే నీరు, మధ్యాహ్నానికి నురగ కక్కి సాయంత్రానికి పుల్లబడుతుంది. గాలిలో, కుండలో ఉండే ఈస్ట్ చక్కెరని ఆల్కహాల్ చేస్తుంది, వెనకాలే బ్యాక్టీరియా వచ్చి దాన్ని పులుపు చేస్తుంది. అందుకే కల్లు దూరం పోలేదు. చెట్టు ఉన్న ఊర్లోనే పుట్టి, ఆ ఊర్లోనే ఖర్చైపోతుంది.

బీరుకి కూడా ఇదే జబ్బు. మందు ఏందంటే హాప్స్. ఇది చల్లని దేశాల్లో పెరిగే తీగ. వరసకి గంజాయి కుటుంబమే కానీ ఆ మత్తు దీనికి లేదు. ఆడ తీగ పూలలో పసుపుపచ్చని పొడి ఉంటుంది. దాన్ని మరిగిస్తే అందులోని ఆమ్లాలు చేదుగా మారి, బీరుని పుల్లబెట్టే బ్యాక్టీరియాని పెరగనివ్వవు. అంటే హాప్స్ మొదట రుచి కోసం మాత్రమే కాదు, నిలవ కోసం. మన ఊరగాయలో ఉప్పు లాగ అనుకోండి.

ఇప్పుడు ఓడ ఎక్కుదాం. లండన్‌లో బో అనే చోట 1752లో జార్జ్ హాడ్జ్‌సన్ బీరు బట్టీ పెట్టినాడు. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే రేవు దగ్గరే ఉండేది. ఓడ కెప్టెన్లకి అప్పు మీద సరుకు ఇచ్చేవాడు. ఓడ ఆఫ్రికా కొస చుట్టి, భూమధ్యరేఖని రెండుసార్లు దాటి, నాలుగు నుంచి ఆరు నెలలకి ఇక్కడికొచ్చేది. ఆ వేడికి తట్టుకోవాలంటే హాప్స్ ఎక్కువ వెయ్యాలని అప్పటి బీరు తయారీదారులకి ముందే తెలుసు. కాబట్టి "హాడ్జ్‌సన్ ఇండియా కోసం కొత్త బీరు కనిపెట్టినాడు" అనే కథని పూర్తిగా నమ్మొద్దు. ఉన్న పద్ధతే, అదృష్టం ఆయన వైపు ఉంది.

మద్రాసులో అప్పుడు సరైన హార్బర్ లేదు. ఓడ దూరంగా లంగరేస్తే, తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో మనోళ్లు అలల మీద సరుకు ఒడ్డుకి మోసేవాళ్లు. 1820ల్లో బర్టన్ ఊరి ఆల్‌సాప్, బాస్ కంపెనీలు పోటీకొచ్చినాయి. బర్టన్ నీళ్లలో జిప్సం ఎక్కువ, దాంతో చేదు శుభ్రంగా తెలుస్తుంది. అదే తర్వాత ఇండియా పేల్ ఏల్ అయింది. పేరులో ఇండియా ఉంది కానీ తాగింది ఎక్కువగా దొరలు, సైనికాధికారులు.

మన ప్రాంతం సంగతి చూద్దాం. 1800లో నిజాం దత్తమండలాలని కంపెనీకి ఇచ్చేసినా, కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు చేతిలోనే ఉంది. ఆ తర్వాత కంపెనీ పాలన, దాని వెనక రాణీ పాలన. 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. కల్లు గీయాలంటే లైసెన్సు, చెట్టుకి పన్ను, సారా కాస్తే కేసు. ఆరు నెలలు సముద్రం మీద వచ్చిన పీపా కూడా సుంకం కట్టింది, కాదనను. కానీ సొంత చెట్టు కింద ముంత పెట్టుకున్నోడు దొంగ కావడం, దూరం నుంచి తెచ్చినోడు వ్యాపారి కావడం, ఈ తేడా అక్కడే పుట్టింది.

ఇంకో దేశం చూడండి. అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడానికి 1978లో కార్టర్ సంతకం పెట్టినాడు. 1972లో కాస్కేడ్ అనే హాప్స్ రకం విడుదలైంది, బత్తాయి తొక్క వాసన. 1980లో సియెర్రా నెవాడా పేల్ ఏల్ ఆ వాసనతోనే పేరు తెచ్చుకుంది. తమ్ముడు ఫోన్‌లో చూసింది ఆ వంశమే.

రెసిపీ లెక్క కూడా ఈ చరిత్ర నుంచే వస్తుంది. 20 లీటర్లకి దాదాపు 3.8 కిలోల లేత మాల్ట్ అయితే ఆల్కహాల్ 4 శాతం దగ్గర ఆగుతుంది, అది లైట్. మరిగే మొదట్లో హాప్స్ కొంచెం వేస్తే చేదు, ఆఖరి ఐదు నిమిషాల్లో ఎక్కువ వేస్తే వాసన. ఎందుకంటే చేదు రావడానికి గంట కావాలి, వాసన మాత్రం గంటలో ఎగిరిపోతుంది. పులియబెట్టేది 18 నుంచి 20 డిగ్రీల్లో. మన నంద్యాల ఎండాకాలంలో 40 దాటుతుంది, కూలర్ పెట్టినా కుదరదు. డల్లాస్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు చేసుకోవచ్చు, అక్కడ చట్టం ఒప్పుకుంటుంది. ఇక్కడ లైసెన్సు లేకుండా చేస్తే నేరం, జైలు. అందుకే తమ్ముడూ, నీకు లెక్క చెప్తా, పని చెప్పను.

"అయితే చట్టం మార్చాలి కదన్నా?" అంటావు. ఆగు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమెతో ఉన్న ఆడోళ్లు సారా అంగడి మూయించినారు. అక్షరాస్యత క్లాసుల్లో మొదలైన మాట ఊరూరికీ పాకింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో సడలింపు. వాళ్లు పోరాడింది కూలి డబ్బులు మింగేసే ఆ వ్యాపారం మీద, దాన్ని వేలం వేసి నడిపించిన సర్కారు మీద.

టీ అంగట్లో మా అవ్వ భయం అదే. మా తాత కూలి డబ్బుల్లో సగం సారా అంగట్లోనే పోయేదని ఆమె చెప్పినప్పుడు తమ్ముడు ఫోన్ జేబులో పెట్టేసినాడు. నేను కూడా ఏం మాట్లాడలేదు. చేసే హక్కు ఎవరిదని అడిగే ముందు, దాని బరువు ఎవరు మోసినారని అడగాలి. ఈసారి మీ ఇంట్లో అవ్వ దగ్గర కూర్చుని, అబ్కారీ రోజుల గురించి ఒక్క ప్రశ్న అడిగి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.