స్ప్రింగుల మంచం

శ్రోతలలో నడుము నొప్పి యెరుగనివారు తక్కువ. ఆ నొప్పితో వైద్యుని వద్దకు పోయినవారికి నేడు మందు చీటీతోబాటు ఒక్కొక్కప్పుడు ఒక వింత పేరు కూడా వినబడుతున్నది: పిలాటెస్. అది మందు కాదు. ఒక జర్మను దేశస్థుని ఇంటిపేరు.

యోసెఫ్ పిలాటెస్ 1883లో జర్మనీలోని మ్యూన్షెన్‌గ్లాడ్‌బాఖ్ పట్టణంలో జన్మించినాడు. ఉబ్బసమూ, ఎముకల మెత్తదనమూ, కీళ్ల జ్వరమూ ఆయన బాల్యాన్ని పీడించినవని చెబుతారు. పెద్దవాడై, కుస్తీ, గరిడీ విద్యల మీద మోజుతో శరీరాన్ని దిద్దుకొని, 1912 ప్రాంతంలో ఇంగ్లండు చేరినాడు. 1914లో యుద్ధం వచ్చినది. జర్మను అయినందుకు ఆయనను శత్రుదేశీయుడని నిర్బంధించినారు. మొదట లాంకాస్టర్, పిమ్మట మాన్ ద్వీపంలోని నాకలో శిబిరం. ఇరవై వేలకు పైగా మనుషులు ముండ్లతీగెల నడుమ, చేయుటకు పనిలేక, సంవత్సరాల తరబడి గడిపిన చోటది.

అక్కడ మంచం పట్టిన ఖైదీల కోసం ఆయన మంచపు కోళ్లకు స్ప్రింగులు బిగించి, పడుకొనే వ్యాయామం చేయించినాడట. ఈ కథ చెప్పినవారు ఆయనా, ఆయన శిష్యులూ. కనుక కథగానే చెబుతున్నాను. అయితే తరువాత ఆయన నిర్మించిన యంత్రాన్ని చూచినవారికి మంచమే జ్ఞాపకం వస్తుంది. చట్రంలో చక్రాల మీద జారే పలక, దానిని వెనుకకు లాగే స్ప్రింగులు. దీనికి రిఫార్మర్ అని పేరు. పడుకొని చేయుటచేత శరీరభారం వెన్నెముక మీద నిలువుగా పడదు. స్ప్రింగును సాగదీసినకొద్దీ బిగువు హెచ్చుతుంది. విడిచేటప్పుడు అది పలకను విసురుగా లాక్కొనిపోకుండా మెల్లగా ఆపుకొనవలె. పొట్టలోతున నడుమును కాచే కండరాలకు అసలు పని అక్కడనే. బరువులెత్తే వ్యాయామానికి అలవాటుపడిన మనకు ఇది చప్పగా తోచవచ్చును. చేసి చూచినవారు ఆ మాట అనరు!

1926లో పిలాటెస్ అమెరికా చేరి, క్లారాతో కలిసి న్యూయార్కు ఎనిమిదవ అవెన్యూలో వ్యాయామశాల నడిపినాడు. ఆయన పద్ధతిని ముందుగా పట్టుకొన్నవారు నాట్యకళాకారులు. కాలు బెణికితే జీవనమే ఆగిపోయే వృత్తి వారిది. జార్జి బాలన్షీన్, మార్తా గ్రాహం వంటి ఆచార్యుల శిష్యులు అక్కడికి వచ్చేవారు. వైద్యలోకం మాత్రం ఆయన కోరినట్లు చేరదీయలేదు. ఆ నొప్పి ఆయనకు కడదాకా పోలేదు. 1945లో వెలువడిన తన పుస్తకంలో యంత్రం అక్కరలేకుండా చాప మీద చేయదగిన 34 వ్యాయామాలు వివరించినాడు. ఆయన పెట్టుకొన్న పేరు పిలాటెస్ కాదు, కంట్రాలజీ. అనగా మనస్సు కండరాన్ని ఏలే విద్య. 1967లో మరణించినాడు. ఆ తరువాత క్లారా ఆ శాలను సాగించినది.

పోయిన మనిషి పేరు ఎవరి సొత్తు? 1990లలో ఈ తగవు న్యాయస్థానానికి ఎక్కినది. ఆ పేరు తమ వ్యాపారచిహ్నమనీ, ఇతరులు వాడరాదనీ ఒక పక్షం వాదించినది. 2000 అక్టోబరులో మాన్‌హటన్ ఫెడరల్ న్యాయస్థానం, యోగ, కరాటే అన్న మాటల వలెనే పిలాటెస్ ఒక వ్యాయామ పద్ధతికి సామాన్యనామమని తీర్పు చెప్పినది. నా దృష్టిలో న్యాయమైన తీర్పే. కాని దానితో నేర్పు లేనివాడు కూడా ఆ పేరుతో బోర్డు కట్టుకొనుటకు వీలు కలిగినది.

ఇక నడుము నొప్పి మాట. 2015లో కోక్రేన్ సంస్థవారు 510 మంది పాల్గొన్న 10 పరీక్షలను కలిపి తూచి చూచినారు. ఏమీ చేయక ఊరకుండుట కంటె పిలాటెస్ వలన నొప్పి తగ్గుతున్నది. ఇతర వ్యాయామాలకంటె మేలైనదని మాత్రం తేలలేదు. ఎముకలు గుల్లబారినవారు, కొత్తగా దెబ్బ తగిలినవారు ముందుకు వంగే భంగిమలను వైద్యుని అడగక చేయరాదు. తక్కినవారికి ఒక చాపా, కొంత ఓర్పూ ఉంటే ఆరంభానికి చాలును.