నాలుగు మార్కులు

మా మనవరాలు సెలవులకి వచ్చినప్పుడల్లా నాకేదో ఒక కొత్త విద్య నేర్పి వెళుతుంది. ఈసారి, "అమ్మమ్మా, ర్యాప్ చూస్తావా?" అంది. "గుక్క తిప్పుకోకుండా వాగుతారు, అదేగా! నాకు ముక్క అర్థం కాదే తల్లీ" అన్నాను. "వాగుడే. కానీ దాని వెనకాల పెద్ద కథ ఉంది" అంటూ ఒక సినిమా పెట్టింది. 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన "రాక్సాన్ రాక్సాన్". పొయ్యి మీద పప్పు పడేసి వచ్చి కూచున్నదాన్ని, మాడు వాసన వచ్చేదాకా లేవలేదు. ఆ తరవాత నాలుగు రోజులపాటు ఆ పిల్ల గురించి దొరికిందల్లా చదువుతూనే ఉన్నాను.

ర్యాప్‌కి పుట్టిల్లయిన హిప్‌హాప్ కళకి పుట్టినరోజు కూడా ఉందిట! 1973 ఆగస్టు 11. న్యూయార్కులో బ్రాంక్స్ అనే బీదల పేటలో సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయికి బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలనిపించింది. డబ్బు కోసం తాముండే మేడ కింద హాల్లో డాన్సు పార్టీ పెట్టింది. టిక్కెట్టు ఆడపిల్లలకి పావు డాలరు, మగపిల్లలకి అర డాలరు. రికార్డులు వేసింది వాళ్ళన్నయ్య, కూల్ హెర్క్. అన్నయ్య పేరు చరిత్ర కెక్కింది. చెల్లెలి పేరు కాస్త వెతుక్కుంటేగానీ కనపడదు. ఎక్కడైనా ఇంతే కాబోలు.

ఇందులో పోటీలుంటాయి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, తాళం తప్పకుండా, ప్రాస చెడకుండా, అవతలివాణ్ణి మాటలతో ఉతికి ఆరెయ్యాలి. పెళ్ళిళ్ళలో మన పెద్దవాళ్ళు వియ్యపురాలి మీద ఎకసెక్కెం పాటలు పాడేవారు చూడండీ, అవి బాగా కారం దట్టించి కొడితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. కాకపోతే అక్కడ తాంబూలం పుచ్చుకుని నవ్వుకుంటూ వెళ్ళడం ఉండదు.

ఈ విద్యలో బిజీ బీ అనే ఆయన పాతకాపు. జనాన్ని ఉర్రూతలూగించడంలో దిట్ట. తను ఒకటంటే సభంతా తిరిగి అనాలి. ఆయనకి 1981 డిసెంబరులో హార్లెంలో ఒక పరాభవం జరిగింది. కూల్ మో డీ అనేవాడు వేదికెక్కి, చప్పట్లు కొట్టించడం కాదు, మాట కట్టడం చేతనైతే రమ్మన్నట్టు ఒక్కొక్క పాదంతోనూ కడిగేశాడు. ర్యాప్‌లో సరుకు ముఖ్యమన్న పట్టింపు ఆ రాత్రి నుంచే గట్టిపడిందంటారు. పాపం, బిజీ బీ గెలిచినవన్నీ మర్చిపోయి, ఓడిన ఈ ఒక్కదాన్నే ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక మన పిల్ల సంగతి. పేరు రాక్సాన్ షాంటే. క్వీన్స్‌బ్రిడ్జ్ అనే సర్కారు వాటాల్లో తల్లి పెంపకంలో పెరిగింది. 1984లో యూటీఎఫ్‌ఓ అనే కుర్రాళ్ళ బృందం ఒక పాట తెచ్చింది. రాక్సాన్ అనే పిల్ల తమని లెక్కచెయ్యలేదని ఆ కుర్రాళ్ళ ఏడుపు. దానికి ఆ రాక్సాన్ తరఫున జవాబు నేను చెబుతానంది ఈ పిల్ల. అప్పటికి పద్నాలుగేళ్ళు! బట్టలు ఉతుక్కోడానికి వెళుతూ దారిలో మార్లీ మార్ల్ అనే ఆయన ఇంట్లో ఆగి, కాగితం ముక్కయినా లేకుండా, ఒక్క బిగిన చెప్పేసి, మళ్ళీ తన మూట తీసుకుని వెళ్ళిపోయింది. ఆ "రాక్సాన్స్ రివెంజ్" ఒక్క న్యూయార్కు చుట్టుపక్కలే 2,50,000 పైచిలుకు అమ్ముడయింది. దానికి జవాబులు, ఆ జవాబులకి జవాబులు, పదుల కొద్దీ రికార్డులు వచ్చాయి.

1985లో సంగీత వ్యాపారస్థులంతా ఏటా న్యూయార్కులో జరుపుకునే సమావేశంలో ర్యాప్‌కి ప్రపంచస్థాయి పోటీ పెట్టారు. పదిహేనేళ్ళ షాంటే మగవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ దాటుకుంటూ చివరి మెట్టు దాకా వచ్చింది. ఎదురుగా ఎవరనుకున్నారు? బిజీ బీ. నాలుగేళ్ళ కిందటి దెబ్బ తిని, ఇంకా నిలబడినవాడు. చూసినవాళ్ళలో చాలామంది పిల్లదే పైచెయ్యి అనుకున్నారు. న్యాయనిర్ణేతల్లో కర్టిస్ బ్లో ఒకడు. సామాన్యుడు కాడు. 1979లో పెద్ద రికార్డు కంపెనీకి పాడిన మొదటి ర్యాపర్ ఆయనే. ఆ మహానుభావుడు ఆమెకి పదికి నాలుగు మార్కులేశాడు! కిరీటం బిజీ బీకి పోయింది.

ఎందుకలా వేశాడో తరవాతెప్పుడో బయటికొచ్చింది. ర్యాప్‌ని పెద్దమనుషులు ఒక కళగా ఒప్పుకోవాలని అందరూ తంటాలు పడుతున్న రోజులు. ఇందులో జగజ్జేత ఒక పదిహేనేళ్ళ ఆడపిల్ల అంటే నవ్విపోరూ, అని! పిల్ల బాగా చెప్పలేదని కాదు, బాగా చెప్పిందనే భయం.

బిజీ బీ మీద నాకు కోపం రాలేదు. ఆయన చెయ్యగలిగింది ఆయన చేశాడు. ఆ నాలుగే మింగుడు పడలేదు. ఎంచేతంటే, నా తొమ్మిదో తరగతిలో వక్తృత్వపు పోటీ జరిగింది. ఫలితాలు చెప్పాక మాస్టారొకాయన నన్ను పక్కకి పిలిచి, "నువ్వే బాగా మాట్లాడావమ్మా. వాడు మగపిల్లాడు, కప్పు వాడికి ముందు ముందు పనికొస్తుంది" అన్నారు. అనునయంగానే అన్నారు. నేను కూడా "అలాగేనండీ" అన్నాను. ఇంటికొచ్చి అమ్మకి చెబితే, "పోనీలే, కంచం కడిగి తీసుకురా" అంది.

షాంటే అలా ఊరుకోలేదు. 1989లో, 1992లో ఆల్బములు తెచ్చింది. ఇరవై అయిదేళ్ళు వచ్చేసరికి రంగానికి చాలామటుకు దూరమైనా, మళ్ళీ రేడియోలో గొంతు వినిపించింది. గ్రామీ అవార్డు లిచ్చే సంస్థ 2025లో ఆమెకి జీవితసాఫల్య పురస్కారం ఇచ్చింది. ఒంటరిగా పాడే ఆడ ర్యాపర్లలో అది అందుకున్న మొదటి మనిషి. పోటీ జరిగి అప్పటికి నలభై ఏళ్ళు.

సినిమా అయ్యాక మనవరాలు, "నువ్వైతే ఎన్ని వేసేదానివి అమ్మమ్మా?" అని అడిగింది.

"నాకు ఇంగ్లీషు ప్రాసలేం తెలుసునే!" అన్నాను.

"అయినా సరే, చెప్పు."

"తొమ్మిది" అన్నాను, మాడిన పప్పుగిన్నె తోముకుంటూ.

"పదెందుకు కాదూ?" అని పోట్లాటకి దిగింది.