మిరిడ్ నల్లులు: గుర్తింపు, వర్ణన – చరిత్ర

మిరిడ్ నల్లులు హెమిప్టెరా క్రమంలో, హెటెరోప్టెరా ఉపక్రమానికి చెందిన మిరిడే కుటుంబపు కీటకాలు. ఈ ఉపక్రమంలో ఇదే అతి పెద్ద కుటుంబం. ఇప్పటికి 11,000కు పైగా జాతులకు పేర్లున్నాయి. ఎక్కువ జాతులు మొక్కల రసం పీలుస్తాయి, కొన్ని ఇతర పురుగులనూ వాటి గుడ్లనూ తింటాయి. ఒళ్లు మెత్తన, పొడవు కొన్ని మిల్లీమీటర్లు. పట్టుకోగానే కాళ్లు, స్పర్శశృంగాలు ఊడిపోతాయి. చాలా జాతులు ఒకటి రెండు నమూనాల ఆధారంగానే శాస్త్రానికి తెలుసు.

గుర్తింపు లక్షణాలు

తొండానికీ స్పర్శశృంగాలకూ నాలుగేసి ఖండాలుంటాయి. ఒక్క ఉపకుటుంబంలో తప్ప సరళ నేత్రాలు ఉండవు. ముందు రెక్కలో గట్టి భాగం చివర క్యూనియస్ అనే త్రికోణపు ముక్క, ఆ తర్వాతి పలుచని పొరలో ఒకటి లేదా రెండు మూసిన గళ్లు కనిపిస్తాయి. కుటుంబాన్ని గుర్తించడానికి ఇవి చాలు. జాతిని తేల్చడానికి చాలవు.

తొలి పేర్లు

1758లో లిన్నేయస్ మంచంలోని నల్లినీ చేలోని నల్లులనూ సైమెక్స్ అనే ఒకే ప్రజాతిలో చేర్చాడు. ఆయన శిష్యుడు ఫాబ్రిసియస్ 1794లో మిరిస్, 1803లో కాప్సస్ ప్రజాతులను వేరు చేశాడు. ఫాబ్రిసియస్‌కు భారతదేశపు కీటకాలు అందించినవారిలో లిన్నేయస్ మరో శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ ముఖ్యుడు. 1768లో తరంగంబాడి చేరిన కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో మరణించాడు. తర్వాత పేరు పొందినవాటిలో రైతులకు బాగా తెలిసినదీ ఉంది: తేయాకు, జీడిమామిడి తోటల్లో వారు తేయాకు దోమ అని పిలిచేది దోమ కాదు, మిరిడ్ నల్లే. దాని వీపు మీద గుండుసూదిలా నిలిచే ముల్లు హెలోపెల్టిస్ ప్రజాతికి గుర్తు. ఆ ప్రజాతినీ, అందులోని ఆంటోనై జాతినీ 1858లో సిగ్నోరే వర్ణించాడు.

డిస్టాంట్ సంపుటాలు

భారత ఉపఖండపు నల్లుల అధ్యయనానికి పునాది విలియం లూకాస్ డిస్టాంట్ (1845–1922) రచన. ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ గ్రంథమాలలో ఆయన రాసిన ఏడు ‘రింకోటా’ సంపుటాలు 1902 నుంచి 1918 వరకు వెలువడ్డాయి. మిరిడ్ నల్లులు, అప్పటి పేరుతో కాప్సిడే, ప్రధానంగా రెండో సంపుటంలోనూ (1904), అనుబంధంగా వచ్చిన అయిదో సంపుటంలోనూ (1910) ఉన్నాయి. భారతదేశం, సిలోన్, బర్మాల నుంచి లండన్ చేరిన నమూనాలను చూసి ఆయన రంగు, ఆకారం, పొడవు, దొరికిన చోటు రాసుకుంటూ పోయాడు. వర్ణన చాలాచోట్ల అరపేజీ దాటదు. పక్కనే ఉన్న రేఖాచిత్రాలు మాత్రం నేటికీ ఉపయోగపడేంత చక్కనివి. ఫిన్లాండ్‌కు చెందిన బెర్గ్‌రోత్, హవాయిలో పనిచేసిన కిర్కాల్డీ డిస్టాంట్ ప్రజాతి విభజనలో పొరపాట్లు ఎత్తిచూపారు. అయినా ఒక ఉపఖండపు నల్లులన్నిటినీ ఒక్కచోటికి తెచ్చిన శ్రమ సాటిలేనిది. ఆయన సేకరణను 1920లో బ్రిటిష్ మ్యూజియం కొన్నది.

జననాంగాల పరీక్ష

కొత్తగా కుబుసం విడిచిన నల్లి పాలిపోయి ఉంటుంది, వయసుతో రంగు ముదురుతుంది. రంగును నమ్మి ఒకే జాతికి రెండు పేర్లు పెట్టిన సందర్భాలు అందుకే ఏర్పడ్డాయి. మగ నల్లి జననాంగాల్లో కుడి, ఎడమ పట్టుకొక్కేలు సమానంగా ఉండవు, వాటి ఆకృతి జాతిజాతికీ మారుతుంది. నల్లుల మగ జననాంగాల నిర్మాణంపై 1925లో హేమ్ సింగ్ ప్రుథి ప్రచురించిన వ్యాసం ఈ దారిలో తొలి పెద్ద అడుగుల్లో ఒకటి. 1959లో కెల్టన్ అదే పద్ధతిని మిరిడ్లకు ప్రత్యేకంగా వివరించాడు. నల్లిని చిన్న అట్టముక్క కొనకు అంటించి, ఉదరాన్ని వేరుచేసి పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడిచేసి, గ్లిజరిన్‌లో ఉంచి సూక్ష్మదర్శినిలో చూస్తారు. బ్రెజిల్ శాస్త్రవేత్త కార్వాల్యో 1957–60లో ప్రపంచ మిరిడ్ల జాబితాను ముద్రించాడు, షూ 1995లో దాన్ని తిరగరాశాడు.

బిసెరాట్ నల్లి

1901–02లో అన్నండేల్, రాబిన్సన్ మలయా ద్వీపకల్పంలో కీటకాలు సేకరించారు. బిసెరాట్ అనే ఊళ్లో దొరికిన ఒక నల్లికి 1903లో డిస్టాంట్ మెగాసీలమ్ బిసెరాటెన్స్ అని పేరు పెట్టాడు. తర్వాత నిపుణులు దాన్ని క్రియోంటియాడిస్ ప్రజాతికి, అక్కడి నుంచి పాపియోకాప్సిడియాకు మార్చారు. శతాబ్దం పాటు ఆ పేరు నిపుణుల జాబితాలు దాటి పెద్దగా బయటికి రాలేదు. 2005 తర్వాత కర్ణాటక బీటీ పత్తి చేలలో గూడ, పిందె రాలిపోతుంటే వెతికిన శాస్త్రవేత్తలకు దొరికింది ఈ జాతే. బీటీ విషం కాయతొలిచే పురుగులకే తప్ప రసం పీల్చే నల్లులకు పనిచేయదు. కాయతొలిచే పురుగుల కోసం కొట్టే మందులు తగ్గడం కూడా వీటికి కలిసివచ్చింది. పత్తి మీద క్యాంపిలోమా లివిడా, హయలోపెప్లస్ లినిఫర్ అనే మిరిడ్లూ కనిపిస్తాయి కాబట్టి ఏది ఏదో తేల్చడం తప్పనిసరి. వరి చేలో పరిస్థితి వేరు: అక్కడి మిరిడ్ నల్లి సిర్టోరైనస్ లివిడిపెన్నిస్ సుడిదోమ గుడ్లను తినే రైతు మిత్రుడు.

నేటి పద్ధతి

2000 జనవరి 1న అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి నాలుగో కూర్పు ప్రకారం, కొత్త జాతికి పేరు పెట్టేవారు ఆ పేరుకు ఆధారమైన నమూనాను స్పష్టంగా పేర్కొనాలి. డీఎన్ఏ పోలిక వల్ల పిల్లపురుగును పెద్దదానితో, ఆడను మగతో జతపరచడం సాధ్యమైంది. డిస్టాంట్ కాలపు చీటీల మీద తరచుగా ఊరి పేరే ఉండేది. ఇప్పుడు అక్షాంశ రేఖాంశాలు, తేదీ, ముఖ్యంగా నల్లి దొరికిన మొక్క పేరు రాస్తారు. చాలా మిరిడ్లు ఒకటి రెండు రకాల మొక్కలకే అంటిపెట్టుకుని, ఏడాదిలో కొద్ది వారాలే పెద్ద పురుగులుగా కనిపిస్తాయి. అరుదైనదిగా నమోదైన జాతి కోసం సరైన మొక్కను సరైన వారాల్లో గుడ్డ మీదికి దులిపినప్పుడు అది పదుల సంఖ్యలో రాలిపడటం అసాధారణం కాదు.