సిఫిలిస్: పుండు మానినా ముప్పు తప్పదు

సుఖవ్యాధుల్లో సిఫిలిస్ మోసపూరితమైనది. సవాయి రోగంగా కూడా పిలిచే ఈ వ్యాధి మొదట నొప్పిలేని పుండుగా కనిపిస్తుంది. ఏ మందూ వాడకపోయినా ఆ పుండు కొద్ది వారాల్లో మానిపోతుంది. దాంతో రోగం పోయిందని బాధితులు భావిస్తారు. వాస్తవానికి అప్పటికే క్రిములు రక్తంలో చేరి ఉంటాయి. తొలిదశలో గుర్తిస్తే ఒక్క విడత ఇంజక్షన్‌తో నయమయ్యే ఈ వ్యాధి, నిర్లక్ష్యం చేస్తే ఏళ్ల తరువాత గుండెను, మెదడును దెబ్బతీయవచ్చు.

ఎలా సోకుతుంది?

ట్రెపొనీమా పాలిడమ్ అనే మెలికలు తిరిగిన బ్యాక్టీరియా ఈ వ్యాధికి కారణం. దీనిని 1905లో జర్మనీ శాస్త్రవేత్తలు షాడిన్, హాఫ్‌మన్ గుర్తించారు. వ్యాధి ఉన్నవారితో లైంగిక సంబంధం వల్ల, గర్భిణి నుంచి శిశువుకు ఇది సంక్రమిస్తుంది. మరుగుదొడ్లు, దుస్తులు, భోజన పాత్రల ద్వారా సోకదు.

లక్షణాలు

వ్యాధి సోకిన 10 నుంచి 90 రోజుల్లోగా, సాధారణంగా 3 వారాలకు, జననాంగాలపైన గానీ, మలద్వారం, నోటి వద్ద గానీ గట్టి అంచులున్న పుండు ఏర్పడుతుంది. గజ్జల్లో బిళ్లలు కడతాయి. స్త్రీలలో పుండు లోపలి భాగంలో ఉంటే వారికే తెలియకపోవచ్చు.

కొన్ని వారాల తరువాత రెండో దశ మొదలవుతుంది. ఒంటిపై దురద లేని దద్దుర్లు వస్తాయి. అరచేతులు, అరికాళ్లలోనూ మచ్చలు కనిపించడం ముఖ్యమైన గుర్తు. జ్వరం, గొంతు నొప్పి, జుట్టు రాలడం ఉండవచ్చు. ఇవి కూడా వాటంతట అవే తగ్గి, వ్యాధి నిద్రాణ దశకు చేరుతుంది. చికిత్స పొందని వారిలో కొందరికి 10 నుంచి 30 ఏళ్ల తరువాత గుండె నుంచి బయలుదేరే ప్రధాన రక్తనాళం, నాడీమండలం దెబ్బతింటాయి. కళ్లకు, చెవులకు మాత్రం ఏ దశలోనైనా హాని జరగవచ్చు.

గర్భిణులకు పరీక్ష తప్పనిసరి

తల్లికి చికిత్స అందకపోతే గర్భస్రావం, మృత శిశు జననం సంభవించవచ్చు. పుట్టిన బిడ్డకూ వ్యాధి సోకవచ్చు. అందువల్ల గర్భం నిర్ధారణ అయిన వెంటనే హెచ్‌ఐవీతో పాటు సిఫిలిస్ పరీక్ష కూడా చేయించుకోవాలి.

నిర్ధారణ, చికిత్స

వీడీఆర్‌ఎల్ లేదా ఆర్‌పీఆర్ రక్త పరీక్షతో వ్యాధిని అనుమానించి, టీపీహెచ్‌ఏ పరీక్షతో ధ్రువీకరిస్తారు. పుండు వచ్చిన తొలి రోజుల్లో ఫలితం నెగెటివ్‌గా రావచ్చు. అటువంటప్పుడు వైద్యుని సలహాపై మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.

1943 నుంచి పెన్సిలిన్ ఈ వ్యాధికి దివ్యౌషధంగా ఉంది. తొలిదశల్లో 24 లక్షల యూనిట్ల బెంజథైన్ పెన్సిలిన్‌ను ఒకసారి కండరానికి ఇస్తారు. వ్యాధి సోకి చాలాకాలమైనా, ఎప్పుడు సోకిందో తెలియకపోయినా వారానికొకసారి చొప్పున మూడు వారాలు ఇస్తారు. పెన్సిలిన్ పడని వారికి డాక్సీసైక్లిన్ వంటి ప్రత్యామ్నాయాలున్నాయి. గర్భిణులకు డాక్సీసైక్లిన్ ఇవ్వరు. మొదటి ఇంజక్షన్ తరువాత 24 గంటల్లో జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు. అవి త్వరలోనే తగ్గిపోతాయి.

పాటించవలసిన జాగ్రత్తలు

* మందుల దుకాణంలో పైపూత మందులు కొని వాడి కాలయాపన చేయరాదు.
* జీవిత భాగస్వామికీ పరీక్ష, చికిత్స చేయించాలి. లేనిపక్షంలో వ్యాధి మళ్లీ సోకుతుంది.
* పుండ్లు పూర్తిగా మానే వరకు, చికిత్స ముగిశాక కనీసం వారం రోజులు లైంగిక సంబంధానికి దూరంగా ఉండాలి.
* హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించుకోవాలి. సిఫిలిస్ పుండ్ల వల్ల హెచ్‌ఐవీ సోకే అవకాశం పెరుగుతుంది.
* 6 నెలలకు, 12 నెలలకు మళ్లీ రక్త పరీక్ష చేయించుకోవాలి. టీపీహెచ్‌ఏ మాత్రం నయమైనా చాలామందిలో పాజిటివ్‌గానే ఉంటుంది. దానికి ఆందోళన అవసరం లేదు.
* కండోమ్ వాడకం ముప్పును చాలావరకు తగ్గిస్తుంది.

ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సుఖవ్యాధుల విభాగాల్లో పరీక్షలు, మందులు ఉచితం. రోగుల వివరాలు గోప్యంగా ఉంచుతారు. సలహాల కోసం 1097 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేయవచ్చు.