విశ్వవిద్యాలయాల నాణ్యతా గుర్తింపు

ఒక కాలేజీ గానీ విశ్వవిద్యాలయం గానీ చదువు చెప్పడానికి తగినదేనా అని బయటివారు పరిశీలించి తేల్చే ఏర్పాటును గుర్తింపు అంటారు. మన దేశంలో ఇది అఫిలియేషన్‌తో, అంటే కాలేజీని విశ్వవిద్యాలయానికి అనుబంధించడంతో మొదలై న్యాక్ (జాతీయ మదింపు, గుర్తింపు మండలి) గ్రేడ్ల దాకా వచ్చింది. ఆ గుర్తింపు ఇచ్చే అధికారం ఎవరి చేతిలో ఉండాలన్న తగాదా మాత్రం మొదటినుంచీ ఉంది. దాని తొలి ఘట్టాల్లో ఒకటి మదనపల్లెలో జరిగింది.

1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం చాలాకాలం పరీక్షలు పెట్టే సంస్థగానే నడిచింది. పాఠాలు చెప్పేవి అనుబంధ కాలేజీలు. వైస్రాయి కర్జన్ హయాంలో వచ్చిన 1904 విశ్వవిద్యాలయాల చట్టం ఆ కాలేజీలపై తనిఖీని బిగించింది: అధ్యాపకులు, భవనాలు, గ్రంథాలయం, నిధులు అన్నీ చూడాలి. సిండికేటు, సెనేటు తమ అభిప్రాయం చెప్పవచ్చు. అఫిలియేషన్ ఇచ్చినా తీసేసినా ఆఖరి ఉత్తర్వు మాత్రం ప్రభుత్వానిదే. అసలు చిక్కు అక్కడే ఉంది.

దివ్యజ్ఞాన సమాజం నాయకురాలు అనీ బిసెంట్ 1915లో మదనపల్లెలో నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాలకు ఆ చిక్కు రెండేళ్ళకే ఎదురైంది. విద్యార్థులు ఆమె నడిపిన హోమ్‌రూల్ (స్వపరిపాలన) ఉద్యమంలో దిగారు. 1917లో బిసెంట్‌ను నిర్బంధించారు, కాలేజీకి మద్రాసు విశ్వవిద్యాలయ అఫిలియేషన్ పోయింది. పాఠం సరిగ్గా లేదని కాదు, రాజకీయం సరిపడలేదని. బిసెంట్ బృందం సర్కారు చార్టర్‌తో పనిలేకుండా మద్రాసులోని అడయారు కేంద్రంగా జాతీయ విశ్వవిద్యాలయాన్ని పెట్టుకుని, దానికి రవీంద్రనాథ్ టాగోర్‌ను ఛాన్సలర్‌గా ఎంచుకుంది. 1919 ఫిబ్రవరిలో ఆయన మదనపల్లె వచ్చి, కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ దంపతుల అతిథిగా ఉండి, ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చారు. ఊరు ఆ గీతాన్ని గర్వంగా చెప్పుకుంటుంది, అఫిలియేషన్ గొడవను అంతగా తలచుకోదు. జాతీయ విశ్వవిద్యాలయం ఎక్కువకాలం నిలవలేదు, కాలేజీ మళ్ళీ మద్రాసు విశ్వవిద్యాలయం కిందికే చేరింది.

స్వాతంత్ర్యం తర్వాత 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చాయి. చట్టసభ విశ్వవిద్యాలయాన్ని పుట్టించగలదు. దాని నాణ్యతకు పూచీ ఎవరు? 1986 జాతీయ విద్యావిధానం ఇందుకు వేరే సంస్థ కావాలంది. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 1994లో బెంగళూరు కేంద్రంగా న్యాక్‌ను ఏర్పాటు చేసింది. అదే ఏడాది సాంకేతిక కోర్సుల కోసం జాతీయ గుర్తింపు మండలి (ఎన్‌బీఏ) వచ్చింది.

న్యాక్ కొలబద్ద చాలాసార్లు మారింది. మొదట నక్షత్రాలు, తర్వాత అక్షర గ్రేడ్లు, 2007 నుంచి 4 పాయింట్ల సగటు. ఆ తర్వాతి సవరణలో 3.51 గానీ అంతకు మించి గానీ వస్తే ఏ++, 1.50 దాటకపోతే డి. 2017 సవరణతో మార్కుల్లో సుమారు 70 శాతం కాలేజీ పంపే లెక్కలకు వెళ్ళింది, విద్యార్థుల సంతృప్తి సర్వే కూడా చేరింది. నిష్పాక్షికత కోసమే ఈ మార్పు. అయితే కాలేజీలో పాఠాలకన్నా ఫైళ్ళ పని పెరిగింది. న్యాక్ తనిఖీ బృందం (‘పీర్ టీమ్’) వస్తోందంటే గోడలకు సున్నాలు పడటం అధ్యాపకులందరూ ఎరిగినదే.

2023లో న్యాక్ కార్యనిర్వాహక సంఘం అధ్యక్షుడు భూషణ్ పట్వర్ధన్ గ్రేడ్లలో అక్రమాలు జరుగుతున్నాయన్న ఆరోపణతో తప్పుకున్నారు. ఇస్రో మాజీ ఛైర్మన్ కె. రాధాకృష్ణన్ సంఘం సంస్కరణలు సూచించింది. 2024 జనవరిలో వాటి అమలు ప్రకటన వెలువడింది: అక్షర గ్రేడ్లు పోయి, ముందు ‘గుర్తింపు ఉంది, లేదు’ అన్న తీర్పు, ఆ తర్వాత 1 నుంచి 5 దాకా స్థాయిలు.

2025 ఫిబ్రవరిలో వడ్డేశ్వరంలోని కేఎల్ విద్యాసంస్థకు ఏ++ కోసం లంచాలు ఇచ్చారన్న ఆరోపణపై సీబీఐ 10 మందిని అరెస్టు చేసింది. వారిలో సంస్థ ప్రతినిధులతో పాటు న్యాక్ తనిఖీ బృందం సభ్యులూ ఉన్నారు. ఆ తర్వాత కాలేజీల తనిఖీని ఆన్‌లైన్‌కు మార్చాలన్న నిర్ణయానికి బలం చేకూరింది. దీంతో కవర్లు చేతులు మారే సందు తగ్గవచ్చు. ప్రయోగశాలలో పరికరం పనిచేస్తోందా, రికార్డులో ఉన్న అధ్యాపకుడు నిజంగా పాఠం చెబుతున్నాడా అన్నవి మాత్రం కెమెరా ముందు చూపించినంత మేరకే తెలుస్తాయి.