అరణ్యమున ఒక ప్రార్థన

భద్రాచలమునకు ఎగువన, గోదావరి యొడ్డున దుమ్ముగూడెమున్నది. 19వ శతాబ్ది మధ్యమున నదిలో పడవలు నడపుటకై ఇంజనీర్లు అచట ఆనకట్ట, కాలువ పనులు ఆరంభించిరి. వారిలో హేగ్ దొర యొకరు. 1871లో ఆ పనులు నిలిచిపోయినవి. కాని ఆయన ప్రోత్సాహమున కోయల నడుమ వెలసిన క్రైస్తవ మిషను నిలిచినది. తొలుత వెంకటరామరాజు అను తెలుగు బోధకుడు, పిదప జాన్ కెయిన్ అచట ఏండ్ల తరబడి పనిచేసిరి. 1889లో లూకా సువార్త కోయభాషలో అచ్చయ్యెను.

ఆ సువార్తలో శోధన అను మాట మూడు ముఖ్య ఘట్టములలో వచ్చును. యేసు నలువది దినములు శోధింపబడుట మొదటిది. శిష్యులకు నేర్పిన ప్రార్థనలో, శోధనలోనికి మమ్ము తేవలదని వేడుకొనుట రెండవది. పట్టుబడిన రాత్రి, శోధనలో పడకుండ ప్రార్థింపుడని వారిని హెచ్చరించుట మూడవది. వారు నిద్రించిరి, ఆ రాత్రియే పేతురు గురువు నెరుగనని బొంకెను. ముందుగా వేడుకొనవలసిన దేలనో ఈ కథయే చెప్పుచున్నది.

తెలుగు బైబిలులో ఆ మొదటి శోధనకు తావు అరణ్యము. మూలములో అది నిర్జనమైన బీడు. కోయవానికి అరణ్యము బీడు కాదు, పుట్టినిల్లు. దుంపలు, తేనె, ఇప్పపూవు నిచ్చు తల్లి. అతనికి శోధన పొంచియున్నది అడవిలో కాదు, అడవి యంచున: సారా దుకాణమున, వడ్డీవ్యాపారి వాకిట.

అయినను తాగుడును కేవలము పాపమని త్రోసివేయుట తొందరపాటు. జీలుగు కల్లు కొండజనుల ఆచారములో భాగము. ఆ కల్లుపై పన్ను, గుత్తదారుల పీడన 1879 నాటి రంప తిరుగుబాటునకు ముఖ్యకారణములు. అది భద్రాచలము తాలూకాలోని రేకపల్లికిని ప్రాకెను. కావున శోధన త్రాగువాని యెడదలోనే కాదు, త్రాగించి లాభము గొనువాని పెట్టెలోను ఉన్నది.

ఈ సంగతి నెరిగినవారు వి. యస్. అజరయ్య. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై, దోర్నకల్లు పీఠమునకు తొలి బిషప్పైరి. మురికి, రోగము, అప్పు, తాగుడు అను నాలుగు దయ్యములపై పోరాడవలెనని పల్లె సంఘములకు బోధించిరి. చదువురాని వారికిని ప్రభువు ప్రార్థనను కంఠస్థము చేయించిరి. ప్రార్థించిన నోటితోనే అప్పును, తాగుడును వలదనవలెనని వారి భావము.

దేవుడే శోధనలోనికి తెచ్చునా అను సందేహము పాతది. దేవు డెవనిని కీడునకు ప్రేరేపింపడని యాకోబు పత్రిక చెప్పును. 2017 డిసెంబరులో ఫ్రాన్సు కతోలికులు, శోధనలో మమ్ము ప్రవేశింపనీయవలదను భావమువచ్చునట్లు ఆ వాక్యమును మార్చుకొనిరి. తెలుగున శోధనకు పరీక్ష యనియు, శుద్ధిచేయుట యనియు అర్థములున్నవి. లోహము శుద్ధియగుటకు నిప్పు కావలెను. కాని నిప్పును తానై కోరుకొనువాడు వివేకి కాడు. ఈ వేడికోలు పిరికితనము కాదు, తన బలహీనత నెరుగుట.

శ్రోతలు గమనింపవలసిన మాట యొకటి. ఈ ప్రార్థనలో ‘నన్ను’ అని లేదు, ‘మమ్ము’ అని యున్నది. బోధించు దొర, వినెడి కోయ, అప్పిచ్చువాడు, పుచ్చుకొనువాడు అందరును అందులోనివారే. పొరుగువానికి ఉచ్చు పన్నుచు ఆ మాట పలుకువాడు తన ప్రార్థనకు తానే అడ్డుపడుచున్నాడు.