గోదావరి గట్టున ఒక చిత్రశాల

ఒక కావ్యము వేయి ప్రతులుగా ముద్రితమై దేశమంతట సంచరింపగలదు. అనువాదకుడు దొరకినచో పరభాషలోనికిని పోగలదు. చిత్రమునకు ఆ సదుపాయము లేదు. అది ఒకే ప్రతి. ఏ గోడపై వ్రేలాడునో ఆ గోడకే కట్టుబడి యుండును. కావున చిత్రకారుని చరిత్రలో ఆ గోడ ఎవరిది, దానిని నిలిపినవారెవరు అను ప్రశ్నలు మిక్కిలి ముఖ్యములు. రాజమహేంద్రవరమున గోదావరి గట్టుననున్న దామెర్ల రామారావు చిత్రశాలను గూర్చి ఇచ్చట చెప్పబూనుట ఈ దృష్టితోనే.

రామారావు 1897 మార్చి 8వ తేదీన ఆ పట్టణముననే జన్మించెను. 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచికమునకు బలియయ్యెను. ఇరువదియెనిమిదవ యేడు నిండలేదు. ఇంత స్వల్పకాలమున ఒక మనుష్యుడు ఒక ప్రాంతపు చిత్రకళకు దారి చూపెనన్నచో దానికి కొంత పూర్వరంగము ఉండి తీరవలెను. ఆ పూర్వరంగమును సిద్ధపరచినవాడు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు. ఆయన 1909 మొదలు 1919 వరకు రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు ప్రధానాధ్యాపకుడు. ఆయన స్వయముగా నీటిరంగులతో చిత్రములు వ్రాసెడివాడు, ఈ దేశపు కథలను ప్రేమించినవాడు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ఆయన శిష్యులే. పాఠములపై శ్రద్ధ లేక బొమ్మలు గీయుచుండిన బాలుని మందలించుటకు మారుగా బొంబాయికి పంపవలెనని తలచిన అధ్యాపకులు ఆ కాలమున ఎందరుందురు? 1916లో రామారావు సర్ జె.జె. కళాశాలలో ప్రవేశించెను.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. ఆనాడు దేశమందలి యువచిత్రకారులను వంగదేశము ఆకర్షించుచుండెను. అవనీంద్రనాథ ఠాకూరు సంప్రదాయము బందరు ఆంధ్రజాతీయ కళాశాలకును వచ్చినది. అచ్చట ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు బోధించెను, బాపిరాజు ఆయనయొద్ద నేర్చెను. పలుచని రంగులను మాటిమాటికి కడిగి, ఆకృతులను మంచులో వలె కరగించుట ఆ పద్ధతి. బొంబాయిలోనో, సజీవమైన మనుష్యుని ఎదుట నిలిపి, ఎముక ఎచ్చట వంగునో, కండ ఎచ్చట బిగియునో చూచి గీయుట నేర్పెడివారు. రామారావు ఈ రెండవ చదువును సంపూర్ణముగ చదివెను. చదివిన పిమ్మట దానిని చాలమట్టుకు మరుగుపరచెను. అతని స్త్రీమూర్తులలో శరీరజ్ఞానమంతయు ఉన్నది, కాని అది పైకి కనబడదు. పైకి కనబడునది రేఖ, అజంతా గోడల నుండి దిగివచ్చినట్లు పొడవుగ, తొందరలేక సాగిన రేఖ.

కలకత్తా ప్రదర్శనమున బహుమానము పొందిన ‘ఋష్యశృంగ బంధనము’ దీనికి నిదర్శనము. కథ రామాయణములోనిదే. స్త్రీముఖ మెరుగని మునికుమారుని అంగదేశమునకు కొనిరాగలిగినచో వానలు కురియునని రోమపాదుడు వారాంగనలను పంపును. అవనీంద్రుని అడుగుజాడలలో నడచువాడు ఈ ఘట్టమును స్వప్నముగ వ్రాసియుండును. బొంబాయి పాఠమును వల్లించువాడు నాటకరంగముగ వ్రాసియుండును. రామారావు ఈ రెండును చేయలేదు. కథ పురాణముదైనను, అందలి స్త్రీలు నిన్న గోదావరి రేవున బిందె దించి నిలిచినవారు కారా అను సందేహము చూపరికి కలుగును. ‘పుష్పాలంకారము’, ‘నందిపూజ’, ‘కార్తీక పౌర్ణమి’ — వీని పేర్లే చెప్పుచున్నవి, అతనికి కావలసినది తెలుగింటి దైనందిన శోభ యని. ‘సిద్ధార్థ రాగోదయము’నందును బుద్ధుడు కాబోవు రాజకుమారునికంటె, ఆ రాగము ఉదయించిన క్షణమే అతనికి ముఖ్యము. అందుచేతనే నాకు అతని నగ్నచిత్రముల సాధనరేఖలు పూర్తియైన చిత్రములకంటె తక్కువ విలువైనవి కావని తోచును.

అతడు గుజరాతు, కాఠియావాడు ప్రాంతములలోను సంచరించి అచ్చటి జనులను చిత్రించెను. (సూరతు మగ్గముల యొద్ద స్థిరపడిన తెలుగు నేతకుటుంబములు నేడనేకములు, తమకు పూర్వమే తమవాడొకడు కుంచెతో ఆ దేశమున తిరిగెనని వారిలో ఎందరికి తెలియును?) అదే బొంబాయి కళాశాలలో శిక్షణ పొందిన రవిశంకర్ రావళ్ అహమ్మదాబాదున చిత్రకళకు కేంద్రమును నెలకొల్పి, 1924లో ‘కుమార్’ మాసపత్రికను స్థాపించెను. గుజరాతీ గృహస్థుడు తన చిత్రకారులను దానిలో చూచి ఎరిగెను. అదే 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు స్థాపించిన ‘భారతి’ తెలుగువారికి అట్టి మేలే చేసెను. అయితే ఒక భేదము. రావళ్ 1977 వరకు జీవించి తన పనిని తానే చూచుకొనెను. రామారావు చిత్రములు 1924లో లండను వెంబ్లీ ప్రదర్శనమున కనబడిన మరుసటి సంవత్సరమే ఆయన గతించెను.

తాను 1920ల ఆరంభమున నెలకొల్పిన రాజమహేంద్రవర చిత్రకళాశాల అప్పటికింకను శైశవమున నున్నది. అట్టి సంస్థలు స్థాపకునితోనే అంతరించుట మనము చూచుచునే యున్నాము. ఇది అంతరింపలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నము, తానును చిత్రకారుడై యుండి, తన కీర్తిని రెండవ స్థానమున నుంచి శాలను నిలిపెను; విద్యార్థులకు నేర్పెను. ఇంటివారును చిత్రములను చెదరనీయలేదు. ఇది స్వల్పమైన త్యాగము కాదు. చిత్రకారుడు చనిపోయిన యింట అతని పటములే ఆస్తి. సంస్థానాధీశులు, సంపన్నులు కొనుటకు సిద్ధముగా నుండిన కాలమది. ఒక్కొక్కటియే అమ్ముడుపోయినచో నేడు రామారావు పేరు పది సంగ్రహముల పట్టికలలో పది పంక్తులుగ మిగిలి యుండెడిది. ఒకే చోట నుండుట వలననే అతని సాధన, తప్పులు, దిద్దుబాట్లు, సిద్ధి వరుసగా కనబడుచున్నవి.

పిమ్మట ఆ శాల ప్రభుత్వ సంస్థ యైనది. నష్టమును దాచనక్కరలేదు. చిన్నపట్టణమున నుండుటచేత ఢిల్లీ, బొంబాయి విమర్శకులు ఆ మెట్లెక్కుట అరుదు. భారతీయ చిత్రకళా చరిత్రలలో రామారావుకు దక్కిన పుటలు కొన్ని మాత్రమే. నీటిరంగుల కాగితమునకు వెలుతురు శత్రువు, తేమ అంతకంటె పెద్ద శత్రువు. శాలయో నదిని ఆనుకొని యున్నది. కావున వానిని రాజధానికి తరలింపవలె ననువారు కొందరు కలరు. నేను అందుకు సమ్మతింపను. తరలించినచో పటములు క్షేమముగ నుండునేమో గాని, ఆ గోడలపై అతని పటములకు తోడుగా నున్న వెంకటరత్నము, చామకూర భాష్యకార్లు, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ, భార్య సత్యవాణి వ్రాసిన చిత్రములను ఎవరు తీసికొనిపోవుదురు? పెద్ద మ్యూజియము ప్రసిద్ధుని ఏరుకొనును. మిగిలినవారు నేలమాళిగకు పోవుదురు. కావలసినది తేమను అదుపుచేయు గది, వెలుతురును ఆపు తెర, కాగితమును బాగుచేయ నేర్చిన ఒక మనిషి, మంచి ముద్రణ గల ఒక పుస్తకము. సత్యవాణి చిత్రము భర్త చిత్రములున్న శాలలోనే ఉన్నది. ఇరువురి రేఖలను ప్రక్కప్రక్కన చూడదలచినవారు నేటికిని రాజమహేంద్రవరమునకే పోవలెను.